ఎడమ లేన్‌లో మొక్కజొన్న

కారు గంటకు 80 మీద ఉంది. మీరు ముందు సీట్లో, డ్రైవరన్నకు ఎడమ పక్కన కూర్చున్నారు. అద్దానికి అతికించిన ఫోను రెండు సెకన్లకోసారి రోడ్డును ఫొటో తీస్తోంది. ఒళ్లో ఇంకో ఫోను, దాంట్లో మ్యాపు. నంద్యాల ఎప్పుడో వెనకబడింది. ఎడమన, కోసిన చేలకు అవతల, నల్లమల మీతోపాటే వస్తోంది. శిరివెళ్ల దాటారు. ఏసీ ఉన్నా అన్న కిటికీ దించే నడుపుతాడు. గాలితోపాటు ఎండు గడ్డి వాసన.

ఇది 40వ నంబరు జాతీయ రహదారి. కర్నూలులో మొదలై నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప, చిత్తూరు మీదుగా తమిళనాడులోని రాణిపేట దాకా పోతుంది. పెద్దవాళ్లు ఇప్పటికీ 18 అనే అంటారు. 2010లో నంబర్లు మారాయని వాళ్లకు చెప్పి లాభం లేదు. మధ్యలో డివైడర్. అటు రెండు వరుసలు, ఇటు రెండు. ఒక్కో వరుస మూడున్నర మీటర్ల వెడల్పు. అంచున తెల్లగీత, వరుసల మధ్య తెగిన తెల్లగీత.

మీ ఒళ్లో ఉన్న మ్యాపులో మాత్రం ఇదంతా ఒట్టి నారింజ గీత. పోను ఒకటి, రాను ఒకటి. ఎన్ని వరుసలున్నాయో, ఏ వరుస ఎటు తీసుకెళ్తుందో దానికి తెలీదు. అది తెలియజెప్పడానికే మీరు పొద్దున్నే బయల్దేరారు.

ఆళ్లగడ్డ దగ్గర, అహోబిలం పోయేవాళ్లు హైవే దిగే చోటు మీకు కావాలి. మీకు ఆ దారి తెలుసు. అన్నకైతే నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ ఇవాళ ఇద్దరూ ఏమీ తెలియనట్టు నడుచుకోవాలని ఒప్పందం. హైదరాబాద్ నుంచి నరసింహస్వామి దర్శనానికి తొలిసారి వస్తున్నవాళ్లలా, ఫోను ఏం చెబితే అదే.

"ఎనిమిది వందల మీటర్లలో ఎడమకు తిరగండి," అంటుంది ఫోను.

ఎడమ వరుసలో ముందు గడ్డి ట్రాక్టరు. ట్రాలీకి రెండు పక్కలా గడ్డి వేలాడుతోంది. నంబరు లేదు, వెనక లైటు లేదు. ముప్ఫై మీద పోతోందేమో.

"దాటేద్దామా?" అంటాడు అన్న.

ఇక్కడ మీరు తేల్చుకోవాలి. ట్రాక్టరు వెనకే నిదానంగా పోతే దిగే చోటు తప్పదు. కానీ అద్దంలో చూస్తే వెనక టిప్పర్ దగ్గరపడుతోంది. దిగే దారి ఎంత ముందు మొదలవుతుందో, దానికి వేరే వరుస ఉందో లేదో మ్యాపు చెప్పడం లేదు. ఎనిమిది వందల మీటర్లంటే చాలా ఉన్నట్టే అనిపిస్తుంది. ఈ వేగంలో అది ముప్పై ఆరు సెకన్లు.

"దాటన్నా."

కారు కుడి వరుసలోకి జరుగుతుంది. ట్రాక్టరు మీ కిటికీ పక్కకొస్తుంది. బయటంతా గడ్డే. గడ్డి వెనక ఏదో నీలం బోర్డు మెరిసి పోతుంది. అక్షరాలు కనబడలేదు.

"ఎడమకు తిరగండి."

ఎడమన ట్రాక్టరు.

అన్న తొక్కుతాడు. కారు ముందుకు దూకుతుంది. ట్రాక్టరు వెనక్కి పోతుంది.

ఎడమన ఖాళీ. ఇప్పుడు పోవచ్చు.

పసుప్పచ్చగా ఏదో.

మొక్కజొన్న. దిగే వరుస నిండా పరిచారు. అంచు వెంట రాళ్లు.

రాళ్లెక్కితే టైరు పోతుంది. మొక్కజొన్న అవతల ఇంకా సందుంది. పాతిక మీటర్లు. ఇరవై.

ఎదురుగా బైకు.

రాంగ్ రూట్లో. ముగ్గురు.

హారన్. బ్రేకు. బెల్టు ఛాతీకి బిగుసుకుంటుంది. ఒళ్లోని ఫోను కాళ్ల మధ్య పడుతుంది. వెనక టిప్పర్ హారన్ ఆగడం లేదు. అన్న కుడికి కోస్తాడు. బైకు మీ పక్కనుంచే పోతుంది. వెనక కూర్చున్న కుర్రాడు నవ్వుతున్నాడు.

దిగే దారి కూడా పోయింది. మ్యాపు మళ్లీ లెక్కేసుకుంటోంది.

అన్న వేగం తగ్గించి ఎడమ అంచుకు తెస్తాడు. టిప్పర్ గాలికి కారు ఊగుతుంది. ఆయన మెడ తిప్పి వెనక్కి చూస్తాడు. "వంద మీటర్లు లేదు. రివర్సు తీస్తే అయిపాయె. అందరూ అట్లనే పోతారు."

నిజమే, అందరూ అట్లనే పోతారు. ముందుకు పోతే యూటర్న్ ఎక్కడో తెలీదు. రివర్సు తీస్తే అర నిమిషం. మీరు నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు.

కానీ ఇందాక దాటొచ్చిన ఊరు నల్లగట్ల. 2024 మార్చిలో అక్కడ, ఇదే రోడ్డు మీద, ఆగి ఉన్న లారీని వెనకనుంచి కారు గుద్దింది. తిరుపతి నుంచి హైదరాబాద్ తిరిగి పోతున్న ఒకే కుటుంబంలో ఐదుగురు చనిపోయారు. వంద మీదొచ్చే బండి డ్రైవరుకు, ముందున్న బండి కదులుతోందా నిలబడిందా అన్నది చివరిదాకా తెలియదు. వెనక్కొస్తోందని అసలే ఊహించడు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, వాళ్లలో 61 వేల మందికి పైగా జాతీయ రహదారులూ ఎక్స్‌ప్రెస్‌వేల మీదే పోయారు.

"వద్దన్నా. ముందుకే పోదాం."

అన్న భుజాలెగరేసి గేరు మారుస్తాడు.

---

తిరిగొచ్చేటప్పుడు కారును సర్వీసు రోడ్డులో, చెట్టు కింద పెట్టిస్తారు. ఇప్పుడు నడక. రేడియం పట్టీల చొక్కా తొడుక్కుని అంచు తెల్లగీతకు బయటే, మట్టిమీదే నడుస్తారు. కారులోంచి చూసిన రోడ్డు వేరు, ఈ రోడ్డు వేరు. లారీ పోయినప్పుడల్లా కింద నేల అదురుతుంది, దుమ్ము పళ్ల కింద కరకరమంటుంది.

జేబులోంచి ఫోను తీసి చూస్తే మీకు నవ్వొస్తుంది. మీరు నిలబడింది మట్టిలో. మిమ్మల్ని చూపించే నీలం చుక్క మాత్రం హైవే కుడి వరుసలో నిలబడి ఉంది. రెండడుగులు వేస్తే అది డివైడర్ ఎక్కుతుంది. ఫోను తప్పేం లేదు. పైన మబ్బు లేకపోయినా, చుట్టూ మేడలు లేకపోయినా, మామూలు ఫోనులోని జీపీఎస్ సుమారు ఐదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. వరుస వెడల్పు మూడున్నరే. అంటే మీరు ఏ వరుసలో ఉన్నారో దారి చెప్పే ఫోనుకు తెలియదు. అందుకే దిగే చోటు దగ్గరపడగానే అది తెర మీద వరుసలన్నీ బాణాలుగా చూపించి, మీకు కావాల్సినదాన్ని మాత్రం వెలిగిస్తుంది. మిగతాది డ్రైవరు చూసుకోవాలి. మ్యాపులో వరుసల వివరం లేకపోతే వెలిగించడానికి బాణమే ఉండదు, ఇందాక మీకు జరిగినట్టు.

ఉపగ్రహ చిత్రం చూసి ఇంట్లో కూర్చునే గీసేయొచ్చు కదా అనిపిస్తుంది. గీయొచ్చు, రోడ్డు వరకైతే. చిత్రంలో ఒక్కో వరుస కొన్ని చుక్కల వెడల్పు ఉంటుంది, దాని మీది బాణం మరకలా కనిపిస్తుంది. పైగా అది ఏ ఏడాది తీసిందో. 2022 నుంచి మన దేశంలో మళ్లీ తిరుగుతున్న గూగుల్ స్ట్రీట్‌వ్యూ చూసి ఎక్కిద్దామంటే లైసెన్సు ఒప్పుకోదు. మీరు పని చేస్తున్న మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో స్టీవ్ కోస్ట్ ఇంగ్లండ్‌లో మొదలుపెట్టాడు. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. వేరేవాళ్ల సొత్తు చూసి దించడం మాత్రం కూడదు. కాబట్టి కాళ్లే దిక్కు.

మొక్కజొన్న దగ్గరికొచ్చారు. నీలం పట్టా మీద కొంత, ఒట్టి తారు మీద కొంత. పెద్దామె ఒకామె కొంగు నడుముకు చెక్కి, కాళ్లతో గింజలను కదుపుతూ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తోంది. ఎండిన గింజలు గలగలమంటున్నాయి. పట్టా అంచు కింద నుంచి తెల్లరంగు కొంచెం బయటికి కనిపిస్తోంది. బాణం తోక.

మీరు వంగి ఫొటో తీస్తారు. గలగల ఆగిపోతుంది.

"ఏంది నాయనా, రోడ్డు ఫొటోలు తీస్తాండావ్?"

"మ్యాపులో పెట్టడానికమ్మా."

ఆమె మొహం మారిపోతుంది. "మళ్లా రోడ్డు ఎడల్పు చేస్తారా? మా చేను పోతాదా?"

ఇక్కడ తొందరపడి ఏది మాట్లాడినా చెడుతుంది. నాలుగు వరుసలు వేసినప్పుడు ఈ పక్క ఎన్ని చేలు పోయాయో ఆమెకు తెలుసు. ఫొటోలు తీసేవాడు వచ్చిన తర్వాత రాళ్లు పాతేవాడు వస్తాడని కూడా తెలుసు.

"లేదమ్మా, సర్కారోళ్లం కాదు. ఫోన్లో దారి చెబుతాది చూడు, ఎడమకు పో, కుడికి పో అని. దానికోసం."

"ఫోనుకు దారి నువ్వు చెబుతావా!" ఆమె నవ్వేస్తుంది. "మరి ఈడ కాలు పెట్టొద్దని చెప్పు. పొద్దున రెండు కార్లు నా గింజల మీదికొచ్చినాయి."

మీది మూడోది అయ్యేదే. ఆ మాట పైకి అనరు.

బాణం కావాలి. పట్టా కింద ఉన్నది ఎడమకు వంగిన బాణమా, నేరుగా పోయి ఎడమకూ చీలే రెండు తలల బాణమా? మొదటిదైతే ఈ వరుస దిగడానికే. రెండోదైతే ఇందులో ఉండి కూడా ముందుకు పోవచ్చు. బయటికి కనబడే తోక రెండింటికీ ఒకటే. ఊహించి రాసేయొచ్చు. దిగే వరుసకు ఎడమ బాణమే ఉంటుందని నూటికి తొంభై మంది అంటారు.

"ఈ పట్టా కొస కొంచెం ఎత్తొచ్చా అమ్మా?"

"పొద్దు గూకితే మేమే ఎత్తుతాం. అంతవరకు ఉంటావా?" ఆమె మిమ్మల్ని ఎగాదిగా చూసి, వంగి ఆ కొస పట్టుకుంటుంది. "ఆ పక్క పట్టుకో. గింజ పోకూడదు."

ఇద్దరూ మడుస్తారు. గింజలు వెనక్కి జారతాయి. కింద బాణం. మనిషి కంటే పొడుగు, సాగదీసినట్టుంది. కారులోంచి ఏటవాలుగా చూసే కంటికి సరిగ్గా కనబడాలని అలా వేస్తారు. రంగు సగం లేచిపోయింది. తల ఒకటే. ఎడమకు.

ఫొటో. ఇంకోటి. పట్టా మళ్లీ పరిచేస్తారు.

ఇక ముందుకు నడుస్తూ చూడాల్సినవి రెండు. మూడో వరుస ఎక్కడ విచ్చుకుంటుంది? హైవే నుంచి అది ఒంటిగా ఎక్కడ విడిపోతుంది? రెండోది దొరకడం తేలిక. రెండు దారుల మధ్య ఏటవాలు తెల్ల చారలతో కోసుగా ఒక త్రికోణం ఉంటుంది. దాని ముక్కు చివర ప్లాస్టిక్ కంబం ఒకటి విరిగి పడి ఉంది. ఎవరో ఆఖరి క్షణంలో మనసు మార్చుకున్నారు. చారల మీద నల్లటి టైరు గుర్తులు, ఒకదాని మీద ఒకటి.

ఆ త్రికోణంలో నిలబడితే అన్నీ బాగా కనబడతాయి. నిలబడకండి. దారి తప్పినవాళ్లంతా కోసుకుంటూ వచ్చేది దాని మీదుగానే. అంచు నుంచే ఫోను ఎత్తి, మిగతా రెండు వరుసల కేసి చూస్తారు. వాటి మీద బాణాలు లేవు. చెరిగిపోయిన జాడ కూడా లేదు. ఇది రాత్రికి పనికొస్తుంది.

---

ఆళ్లగడ్డలో రాయి కోసే మిషన్లు చీకటి పడ్డాక కూడా ఆగలేదు. ఈ ఊరి శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో పోతాయి. రోడ్డు పక్కనే సగం చెక్కిన నందులు, తల లేని దేవతలు నిలబడి ఉంటారు. గదిలో ఫ్యాను కింద మీరు ల్యాపుటాపు తెరుస్తారు. మ్యాపు దిద్దే ప్రోగ్రాం పేరు జోసమ్. నారింజ గీత మీద నొక్కితే అది ఎర్రగా వెలుగుతుంది.

ముందు గీతను ముక్కలు చేయాలి. మూడో వరుస విచ్చుకునే చోట ఒక కోత. త్రికోణం ముక్కు దగ్గర ఇంకొకటి. మధ్య ముక్కకు వరుసలు మూడు అని రాస్తారు. తర్వాత 'టర్న్ లేన్స్' అనే గడిలో ఒక్కో వరుసకు ఒక్కో మాట, మధ్యలో నిలువు గీత. బండి పోయే దిక్కుగా చూస్తూ ఎడమ నుంచి కుడికి లెక్క. నేర్పడానికి పెట్టిన నమూనాల్లో చాలావరకు యూరప్‌వి. అక్కడ బండ్లు కుడిపక్క నడుస్తాయి, దిగేదీ కుడికే. చూసి ఉన్నదున్నట్టు దించితే, అహోబిలం భక్తుడికి డివైడర్ పక్క వరుస వెలుగుతుంది. మొదటి మాట 'స్లైట్ లెఫ్ట్'. పట్టా ఎత్తి చూసింది అదే.

తర్వాతి రెండు వరుసలకు? 'త్రూ' అనొచ్చు, నేరుగా పోతాయి కాబట్టి. 'నన్' అనొచ్చు, వాటి మీద బాణమే లేదు కాబట్టి. మ్యాపు గీసేవాళ్లు దీని మీద ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. త్రూ అంటే తెర మీద నిండుగా మూడు బాణాలొస్తాయి, చూడముచ్చటగా ఉంటుంది. కానీ రోడ్డు మీద రంగు వేసినవాడు వేయని బాణాన్ని మీరెందుకు వేయాలి? రేపెవరైనా అక్కడికి పోయి చూస్తే బాణం ఉండదు, అప్పుడు ఎడమ బాణాన్ని కూడా నమ్మరు. మీరు నన్ అనే రాస్తారు, రెండుసార్లు.

ఇప్పుడు అసలు చిక్కు. దిగే దారి గీతను హైవే గీతతో ఎక్కడ కలపాలి?

త్రికోణం ముక్కు దగ్గర కలపాలి, దారులు నిజంగా విడిపోయేది అక్కడే. కానీ ఫోను దూరాలు లెక్కపెట్టేది ఆ చుక్క దాకానే. చుక్కను నూట యాభై మీటర్లు వెనక్కి లాగితే 'ఎడమకు తిరగండి' అన్న మాట ఆరేడు సెకన్లు ముందే వినిపిస్తుంది. ఇవాళ ఆ ఆరేడు సెకన్లుంటే మీరు ట్రాక్టరును దాటేవాళ్లు కాదు. బైకు పక్కనుంచి నవ్వుతూ పోయిన కుర్రాడు గుర్తొస్తాడు. మౌసు చుక్క మీదే ఉంది. లాగితే ఒక్క సెకను పని. ఎవరూ పట్టుకోరు.

లాగి చూస్తారు. గీత ఇప్పుడు మొక్కజొన్న దగ్గర్నుంచే పక్కకు పోతోంది. ఆ చుక్క దగ్గర 'తిరగండి' అన్న మాట విని స్టీరింగ్ తిప్పేది చీకట్లో వచ్చే కొత్తవాడు. ఆ చోట తిప్పడానికి దారి లేదు, పెద్దామె రాళ్లున్నాయి. కంట్రోల్, జడ్. చుక్క ముక్కు దగ్గరికి తిరిగొస్తుంది. ముందుగా తెలియాల్సింది వరుసల బాణాలే చెబుతాయి. అవి ఆ మధ్య ముక్క మొదటి నుంచీ వెలుగుతాయి, నోటి మాట కంటే ముందే.

బైకును ఏ గడిలోనూ రాయలేం. మొక్కజొన్ననూ రాయలేం. పంట ఎత్తేస్తే వరుస మళ్లీ వరుసే, మ్యాపులో దాన్ని మూసేస్తే ఏడాదంతా మూసే ఉంటుంది. వచ్చే ఏడు మళ్లీ ఆరబోస్తారు, వేరే కళ్లం ఉంటే ఆమె మాత్రం లారీల పక్కన ఎందుకు నడుస్తుంది.

జోసమ్ ఒకసారి తనిఖీ చేస్తుంది. వరుసలు మూడు, మాటలు మూడు. తేడా ఉంటే అక్కడే ఎర్రజెండా చూపిస్తుంది, ఇప్పుడు చూపించలేదు. మార్పు గురించి ఒక వాక్యం రాయమంటుంది. 'ఆళ్లగడ్డ దగ్గర ఎడమకు దిగే లేన్, నడిచి చూసి వేసింది' అని రాసి ఎక్కిస్తారు. ఆస్మాండ్ లాంటి ఆఫ్‌లైన్ మ్యాపుల్లోకి ఇది తర్వాతి అప్‌డేటుతో చేరుతుంది. అప్పుడే వాడేవాళ్లకు తెలుస్తుంది.

ఒక పక్క అయింది. కడప నుంచి నంద్యాల కేసి వచ్చే పక్క మిగిలింది. సాయంత్రం తిరిగొస్తూ తీసిన ఫొటోలు తెరుస్తారు. ఏటవాలు ఎండకు అద్దం తెల్లబడిపోయింది. దిగే దారి కనిపిస్తోంది, దాని మీద ఏదో రంగు కూడా. దగ్గరికి లాగితే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. బాణమో, అతుకు వేసిన తారో.

కిటికీ కింద అన్న హారన్ కొడుతున్నాడు, అన్నానికి.

ఈ పక్కలాగే ఉంటుందని రాసేయొచ్చు. ఉండొచ్చు కూడా. మీరు వరుసల సంఖ్య వరకు రాసి, బాణాల గడి ఖాళీగా వదిలేస్తారు. ఆ చోట మ్యాపు మీద ఒక గుర్తు పెట్టి దాని కింద తెలుగులోనే రాస్తారు: "ఇక్కడ దిగే లేన్ మీద బాణం ఉందో లేదో ఫొటోలో తెలియడం లేదు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల వాళ్లెవరైనా చూసి చెప్పండి. రోడ్డు మీదికి దిగొద్దు, అంచు నుంచి చూస్తే చాలు."